నాకు నయమైన సంగతి

నాకు జబ్బు నయమైందన్న సంగతి నేను ఒక ఆదివారం ఆరాధనలో, వెనక తలుపు పక్క బెంచీ మీద కూర్చుని తెలుసుకున్నాను. ప్రకటనల సమయంలో సంఘపెద్ద లేచి, ముందు ఉపవాస ప్రార్థన ఎన్నింటికో చెప్పాడు. తర్వాత మైకు సెట్టుకు కొత్త వైరు కొన్నామని చెప్పాడు. ఆ తర్వాత నా పెద్దపేగు గురించి చెప్పాడు.

"మన సారుకి ఎనిమిదేళ్ళుగా ఉండే కడుపు రోగాన్ని దేవుడు పూర్తిగా తీసేసినాడు. మొన్న సారే స్వయంగా నాతో చెప్పినాడు. అందరూ చప్పట్లతో దేవుణ్ణి స్తుతించండి."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే బాగుండదు.

స్వయంగా చెప్పిన మాట నిజమే. ఆ ముందు గురువారం సాయంత్రం బడి నుంచి వస్తూ ఆయన ఎరువుల దుకాణం ముందు బండి నెమ్మది చేశాను. "కడుపు ఎట్టుండాది సారూ?" అని లోపలినుంచి కేక వేశాడు. "దేవుని దయ అన్నా, బాగుండాది" అని నేనూ కేక వేశాను. అంతే జరిగింది. మా వైపు ఎవరిని ఎలా ఉన్నావని అడిగినా ఇదే జవాబు వస్తుంది. కాలికి సిమెంటు కట్టుతో, చంక కింద కర్రతో నిలబడ్డవాడు కూడా బాగుండాననే అంటాడు. వినేవాళ్ళు దాన్ని పలకరింపు కిందే జమ వేసుకుంటారు. మా సంఘంలో మాత్రం దానికి ముందు 'దేవుని దయ' అన్న రెండు మాటలు చేరితే అది సాక్ష్యమైపోతుంది. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పుకోవడం. నేను మొహమాటపడుతున్నానని ఆయనే చెప్పి సాయం చేశాడు.

జబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. వివరంగా చెబితే మీరు భోజనానికి లేవలేరు. నా పెద్దపేగు లోపలి పొర దానంతట అది పుండ్లు పడుతుంది. కొన్ని నెలలు ఊరుకుంటుంది, కొన్ని వారాలు ఊరుకోదు. ఊరుకోని రోజుల్లో పదిసార్లు, పన్నెండుసార్లు పరుగు, నెత్తురుతో సహా. నెల్లూరు డాక్టరుగారు కెమెరా గొట్టం పెట్టి లోపలంతా చూసి, "ఇది పోయే జబ్బు కాదు. మాత్రలు మానకుండా వేసుకుంటే అదొక మూలన ఉంటుంది, మీరొక మూలన ఉండొచ్చు" అన్నాడు. ఒకే పోర్షనులో ఇద్దరికి అద్దెకిచ్చే ఇంటివాడు మాట్లాడినట్టుంది. ఎనిమిదేళ్ళుగా అలాగే కాపురం చేస్తున్నాం.

అది సగం జబ్బు. మిగతా సగం భయం. నేను నాయుడుపేటలో పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. పీడనం పాఠాన్ని నా అంత అనుభవంతో చెప్పేవాడు జిల్లాలో ఉండడని నా నమ్మకం. చిట్టమూరు పక్కనున్న మా ఊరి నుంచి బడికి బండి మీద ముప్పావు గంట. ఆ దారిలో మరుగుదొడ్లు ఎక్కడున్నాయో, దేనికి గడియ పడదో, దేంట్లో నీళ్ళు రావో, ఏ పెట్రోలు బంకులో ఎవరిని తాళంచెవి అడగాలో నాకు పాఠంలాగే వచ్చు. విచిత్రమేమిటంటే, దగ్గర్లో దొడ్డి ఉందని తెలిస్తే చాలా దూరం అవసరమే రాదు. లేదని తెలిసిన నిమిషానికే వస్తుంది. పేగుకు కళ్ళు లేవు, బోర్డులు చదవలేదు. దానికి ఎలా తెలుస్తుందో నేను ఇప్పటికీ కనిపెట్టలేకపోయాను. పెళ్ళికి పిలిస్తే ముందు ముహూర్తం చూడను, మండపం వెనక ఏముందో కనుక్కుంటాను. సినిమాలు మానేశాను. గుళ్ళో తలుపు పక్క బెంచీ కూడా అందుకే. నాకు వినయం ఎక్కువని సంఘంలో ఒక పేరుంది. అది ఆ బెంచీ వల్ల వచ్చింది.

ఇంతకీ నయమయ్యాక నా కష్టాలు మొదలయ్యాయి. రోగిగా ఎనిమిదేళ్ళు కష్టపడి సంపాదించుకున్న హక్కులన్నీ ఒక్క ప్రకటనతో పోయాయి. అంతకుముందు ఎవరింటికి వెళ్ళినా మెత్తటి అన్నంలో ఇంత పెరుగు వేసి నన్ను వదిలేసేవాళ్ళు. ఇప్పుడు "ఇంకేం భయం సారూ" అంటూ రొయ్యల వేపుడు గరిటెతో ఎదురొస్తున్నారు. ఒక గృహప్రవేశంలో నేను వద్దనేసరికి, "అంటే నీకు నమ్మకం లేదా?" అని అడిగారు. వేపుడు మీద నమ్మకం గురించో, దేవుడి మీద నమ్మకం గురించో నేను తేల్చుకునేలోపు ఆకులో పడింది.

"మీరు లేచి కాదని చెప్పొచ్చు గదా?" అంది నా భార్య.

"చప్పట్లు కొట్టేసినాక ఎట్టా చెప్పేది?"

"మీరెందుకు కొట్టినారు?"



నిజం చెప్పాలంటే కొన్నాళ్ళు అలాగే వదిలేద్దామనుకున్నాను. నాలుగు నెలలు గడిచాక 'తిరగబెట్టింది' అని మెల్లగా ఒక మాట అంటే సరిపోతుంది. మా ఊళ్ళో నయమైనవి చాలా అలా చప్పుడు లేకుండా తిరగబెట్టాయి. వాటికి ప్రకటనలు ఉండవు.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం మధ్యాహ్నం ఒక పెద్దమ్మ మా ఇంటికి వచ్చేదాకా నా ఆలోచన అదే. ఆమె మా వీధిలోనే ఉంటుంది. ఒంటరి మనిషి, తట్ట నెత్తిన పెట్టుకుని ఎండుచేపలు అమ్ముతుంది. సంఘంలో మొదటి వరస ఆమెది. ఆ రోజు ఎండు నెత్తళ్ళు ఇచ్చి, అరుగు మీద కూలబడి, నా భార్య తెచ్చిన చెంబు నీళ్ళు గటగటా తాగేసింది. ఇంకో చెంబు అడిగింది. అదీ తాగింది.

"ఎన్ని తాగినా చాలడంలేదు అబ్బయ్యా ఈ మధ్య. నాలుక పిడచ కడతా ఉండాది."

ఆమెకు చక్కెర జబ్బు ఉందని నాకు తెలుసు. పాదం మీద చిన్న పుండు, దాని మీద పసుపు కనిపించాయి.

"షుగరు మాత్రలు ఏసుకుంటుండావా పెద్దమ్మా?"

"యాడేసుకొనేది? ఆపేసి పది దినాలైంది." ముఖం వెలిగిపోయింది ఆమెకు. "నీకు తీసేసినోడు నాకు తీయడా?"

హాస్యం వాడుకుని బతికే మనుషులకు ఒక ఇబ్బంది ఉంది. అవసరమైనప్పుడు ఒక్కటీ తట్టదు. లోపలికి వెళ్ళి నా మాత్రల డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"నాకు నయం కాలా పెద్దమ్మా. చూడు, పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. ఈ రోజు గూడా మింగినా. సంఘం పెద్దన్న ఏదో అనుకొని చెప్పేసినాడు."

ఆమె డబ్బాలోకి చూసింది. ఒక రేకు తీసి తిప్పి చూసి మళ్ళీ పెట్టేసింది. చిన్నపిల్లవాడి తప్పును మన్నించినట్టు నావంక చూసింది.

"దేవుడిచ్చింది లేదని చెప్పబాక అబ్బయ్యా, మంచిది కాదు."

"నేనే గదా చెప్తుండా, నా కడుపు గురించి!"

"నువ్వు అరుగు మీద చెప్తుండావు. వాళ్ళు సంఘంలో చెప్పినారు. సంఘంలో చెప్పింది కాదనాలంటే సంఘంలోనే గదా చెప్పాల?"

ఎంత చెప్పినా ఆ మాట దగ్గరనుంచి ఆమె కదల్లేదు. తట్ట ఎత్తుకుని, గేటు దగ్గర ఆగి మూడో చెంబు కూడా తాగి వెళ్ళింది.

నేను అటునుంచి అటే సంఘపెద్ద ఇంటికి వెళ్ళాను. చెడ్డవాడు కాదు. నా జబ్బు కోసం ఎన్ని శుక్రవారాలు పస్తున్నాడో నాకు తెలుసు. విషయమంతా చెప్పి, ప్రకటన వెనక్కి తీసుకోమని అడిగాను.

"పెళ్ళి ప్రకటనకైతే అభ్యంతరం చెప్పే పద్ధతి ఉండాది సారూ. దీనికి లేదు." కొంచెం ఆలోచించి, "నీకు సిగ్గుగా ఉండాది, అంతే. ఒక పని చేద్దాం. ఈ గుడ్ ఫ్రైడేకి ఐదో మాట చెప్పాల్సిన కొడవలూరు బ్రదర్ రావడంలేదు. నువ్వు చెప్పు. అందులోనే నీ సాక్ష్యం గూడా కలిపెయ్యి" అన్నాడు.

గుడ్ ఫ్రైడే ఆరాధన గురించి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. మిట్ట మధ్యాహ్నం పన్నెండుకు మొదలై మూడింటిదాకా జరుగుతుంది. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఏడుగురూ ముందు వేదిక మీద, ఏడు కుర్చీల్లో, మూడు గంటలూ అందరికీ ఎదురుగా కూర్చుంటారు. ఎవరూ తినరు, తాగరు, మధ్యలో లేవరు. అందరూ తెల్లబట్టలు వేసుకుంటారు. ప్రపంచంలో ఇన్ని రంగులుండగా నా జబ్బుకు బొత్తిగా సరిపడనిది తెలుపు. నా భయం కూర్చుని ఒక పీడకల రాసుకున్నా అంత వివరంగా రాయలేకపోయేది.

"చెప్తానన్నా" అన్నాను.

మంగళవారం నుంచి నెత్తురు పడటం మొదలైంది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే మాత్రలు పెంచి, ఒత్తిడి తగ్గించుకోమన్నాడు. శుక్రవారం మూడింటి తర్వాత తగ్గించుకుంటానని చెప్పాను.

"పోబాకండి. జొరమని నేను చెప్తా" అంది నా భార్య.

"ఇంకో అబద్ధం వద్దు. ఉండేదాంతోనే చస్తుండా."

ఆమె నా తెల్లప్యాంట్లు రెండు తీసి, రెండూ ఇస్త్రీ చేసింది. రెండోది ఎందుకని నేను అడగలేదు.

గురువారం వెళ్ళి స్థలపరీక్ష చేశాను. గుడికి సంబంధించిన మరుగుదొడ్డి పాస్టరుగారి ఇంటి వెనక ఉంది. వేదిక నుంచి పక్క తలుపు, అక్కడినుంచి వేపచెట్టు, తర్వాత నీళ్ళ తొట్టి, మొత్తం యాభై నాలుగు అడుగులు. తాళం వేసి ఉంది. తాళంచెవి పాస్టరమ్మగారి వంటింట్లో ఉంటుంది.

"రేపటికి ఆ తాళంచెవి నా దగ్గర ఉంచుకోవచ్చా అమ్మగారూ?"

"మీకు నయమైంది గదన్నయ్యా?" అంది ఆవిడ నిష్కల్మషంగా.

"అయిందంట. తాళంచెవి మాత్రం ఇవ్వండి."

శుక్రవారం పదకొండున్నరకే వెళ్ళాను. రాత్రి నుంచి ఏమీ తినలేదు. అందరికీ అది ఉపవాసం, నాకు ముందుజాగ్రత్త. వేదిక మీద కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. ఐదోది సరిగ్గా లోపలికి, గోడకూ పాటలవాళ్ళ హార్మోనియానికీ మధ్య. అందులో కూర్చుంటే బయటికి రావడానికి ఇద్దరిని దాటాలి.

"అన్నా, నా కుర్చీ ఆ పక్క తలుపు దగ్గర వేసుకుంటా."

"మాటల వరస తప్పితే ఎట్టా సారూ? ఏడో మాట అవతల ఐదో మాటా?"

మామూలుగా అయితే సరేనని ఆ గోడ పక్కన కూర్చుని, మూడు గంటలు చెమటలు కక్కుతూ చచ్చేవాడిని. ఆ రోజు కుర్చీని రెండు చేతులా ఎత్తుకుని, ఏడో కుర్చీ దాటించి, తలుపు పక్కన వేసి కూర్చున్నాను. సంఘపెద్ద వరసను ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.

మొదటి మాట, రెండో మాట సవ్యంగా నడిచాయి. రెండింటికీ మధ్య కానుకల పాటలో ఒకసారి వెళ్ళివచ్చాను. ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఆ పాటలో అందరూ జేబులు వెతుక్కుంటారు. నాలుగో మాట రిటైర్డు హెడ్మాస్టరుగారిది. పావుగంట ఇచ్చారు. ఆయన పావుగంట ముందుమాటకు తీసుకున్నాడు. అప్పటికి లోపల మెలి మొదలైంది. దాన్ని మాటల్లో చెప్పడం కష్టం. ఎవరో తడిగుడ్డను పిండుతున్నట్టు ఉంటుంది, మనమే ఆ గుడ్డ. చేతులు చల్లబడతాయి. చెవుల్లో మనిషి మాట దూరమవుతుంది. 'ఇప్పుడు, ఇక్కడ, ఇంతమందిలో' అన్న మూడు ముక్కలే బుర్రలో తిరుగుతుంటాయి. మొదటి వరసలో పెద్దమ్మ కూర్చుని ఉంది. ఉపవాసం కాబట్టి చుక్క నీళ్ళు తాగలేదు. కొంగుతో పెదాలు తుడుచుకుంటూ, మాటిమాటికీ మింగుతోంది. నేను ఆమెను చూస్తూ కూర్చున్నాను. లేచి పారిపోవడానికి కావలసినవన్నీ నా దగ్గర ఉన్నాయి. తలుపుంది, తాళంచెవి ఉంది, సాకు కూడా ఉంది. అయినా కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. నాలుగు పేజీలు రాసుకుపోయాను. మైకు ముందు వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాను. నాలుగు పేజీలకు నా దగ్గర టైము లేదు.

"ఐదో మాట దాహం గురించి" అన్నాను. "అంత బాధలో, అంతమంది చూస్తుండగా, ఆయన దాహమేస్తుండాదని బయటికి చెప్పినాడు. బాగుండాను అనలా. నన్ను మొన్న రోడ్డు మీద అడిగితే బాగుండానని చెప్పినా. నాది అబద్ధం. నాకు జబ్బు పోలేదు. ఈ వారం ఎక్కువైంది గూడా. పెద్దన్న తప్పేం లేదు, నేను చెప్పిందే ఆయన చెప్పినాడు. ఆ రోజు మీతోపాటు నేను గూడా చప్పట్లు కొట్టినా. అది నా తప్పు."

ఆడవాళ్ళ వైపు ఎవరో "ఏందంటాడు?" అని పక్కామెను అడగడం వినిపించింది.

"నేను మాత్రలు మానలేదు. మానను. మాత్రలేసుకుంటూనే ప్రార్థన చేస్తా, ఒకదానికి ఒకటి అడ్డం రాలేదు ఇంతవరకు. నన్ను చూసి ఎవరన్నా మాత్రలు మానేసి ఉంటే, ఈ రోజే మళ్ళా మొదలుపెట్టండి. ఇది సంఘంలోనే చెప్తుండా."

పెద్దమ్మ నావంకే చూస్తోంది. ముఖంలో ఏముందో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే వ్యవధి కూడా లేదు, లోపలివాడు ఇంక ఆగడంలేదు.

"ఇంకో రెండు నిమిషాల మాట ఉండాది. దానికి ముందు నేను బయటికి పోయి రావాల. ఆ జబ్బు పనే. మీరు ఒక పాట పాడుకుంటా ఉండండి, వస్తా."

పరుగెత్తలేదు. యాభై నాలుగు అడుగులూ నడిచాను. చెమటతో తడిసిన చేతిలో తాళంచెవి జారింది, రెండోసారికి తెరుచుకుంది. తెల్లప్యాంటు తెల్లగానే ఉంది. లోపల కూర్చున్నాక గుళ్ళోనుంచి ముందు ఒక్క హార్మోనియం, తర్వాత ఒక ఆడగొంతు, ఆ తర్వాత అందరి గొంతులూ వినిపించాయి. నా మీద నేను జాలిపడటానికి అనువైన చోటే అది. కానీ నాకు ఆశ్చర్యంగా అనిపించిందొకటే. భయం లేదు. ఎనిమిదేళ్ళుగా అది దేని గురించైతే నన్ను బెదిరిస్తూ వచ్చిందో, ఆ పని కాస్తా జరిగిపోయింది, అదీ మైకులో ప్రకటించి మరీ. ఇంక దానికి నాతో చెప్పడానికి ఏమీ మిగల్లేదు, కనీసం ఆ పూటకు.

తిరిగి వచ్చేసరికి మూడో చరణంలో ఉన్నారు. నన్ను చూసి ఆపుతారనుకున్నాను. మావాళ్ళు మొదలుపెట్టిన పాటను ఎవరికోసమూ మధ్యలో ఆపరు. ఐదు చరణాలు. మైకు దగ్గర నిలబడి మిగతా రెండున్నరా నేనూ పాడాను. తర్వాత నా రెండు నిమిషాలు మాట్లాడి కూర్చున్నాను. ఆరో మాట బ్రదర్ లేచి, గొంతు సవరించుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మొదట తన వెన్నునొప్పి గురించి చెప్పాడు.

ఆరాధన అయ్యాక బయట మజ్జిగ ఇస్తున్నారు. సంఘపెద్ద గ్లాసు పట్టుకుని నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"అడిగితే బాగుండాదన్నావు గదా సారూ."

"రోడ్డు మీద కేకేసి అడిగితే ఇంకేం చెప్పమంటావన్నా?"

ఆయన మజ్జిగ మొత్తం తాగాడు. "నిజమేలే" అన్నాడు చివరికి. "నా మోకాళ్ళు గూడా బాగుండాయనే చెప్తుండా అందరికీ." ఆ తర్వాత, సంఘాన్ని నడిపే మనిషిగా, "ఈస్టరు రోజు ప్రకటనల్లో నేను కూడా ఒక మాట చెప్తాలే" అన్నాడు. చెప్పాడు కూడా. మైకు వైరు సంగతికీ శనివారం శుభ్రత సంగతికీ మధ్య, గబగబా చెప్పేశాడు. చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు.

పెద్దమ్మ మాత్రం మజ్జిగ తీసుకోలేదు. కొంగు నడుముకు దోపుకుని వెళ్ళిపోతోంది. ఇంటిదాకా వెంట నడిచాను. తలుపు తీసి లోపలికి వెళ్ళి, గూట్లోంచి రేకుడబ్బా తెచ్చి నా ముందు గుమ్మంలో కూర్చుంది. మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి.

"పారేయలా. పారేయబుద్ధి కాలా" అంది. "అయితే నీకు పోలేదా?"

"పోలేదు పెద్దమ్మా."

"ఇంకెప్పటికీ పోదా?"

"పోదంట."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఆమె మాత్రల కోసం కాదని, నా పేగు కోసమని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆమె నాకు నయమైనందుకు సంతోషిస్తూ తిరిగింది. నేను ఆ సంతోషాన్ని లాగేసుకున్నాను.

"ఇంత అన్నం తిని ఏసుకో. పొద్దున ఆస్పత్రికి పోయి నెత్తురు చూపిద్దాం, కాలు గూడా చూపిద్దాం. నేనే తీసకపోతా."

"దావలో నీకొస్తే?"

"ఆపుకుంటా పోదాం. ఎక్కడెక్కడ ఆపాల్నో నాకు తెలుసు."

చద్దన్నంలో నీళ్ళు పోసుకుని నాలుగు ముద్దలు తింది. మాత్ర నాలుక మీద పెట్టుకుని, చెంబు ఎత్తి తాగింది. చెంబు దించి మూతి తుడుచుకుని, నాకు వేలు చూపించింది.

"నేను మానను, నీకోసం ప్రార్థన చేస్తానే ఉంటా. ఈసారి నిజంగా పోతే మాత్రం రోడ్డు మీద వాగబాక. ముందు నా దగ్గరికి రా. నాలుగు దినాలు నీకు కూరలేసి పెట్టి నేను చూస్తా. ఆనక చెప్దాం సంఘానికి."